స్తంభాలు చాలని ఇల్లు

సాలేఫూ ఊళ్ళో "పెద్దాయనా!" అని ఒక్క కేక వేస్తే పదిహేడు తలలు తిరుగుతాయని ఆడవాళ్ళు నవ్వుకునేవారు. నవ్వుకేం గానీ, అది నిజం. సమోవాలో వంశపు బిరుదు మోసే పెద్దలకే ఓటు. వంశానికో బిరుదు, బిరుదుకో మనిషి అన్నది తాతలనాటి పద్ధతి. ఎన్నికలు మొదలయ్యాక ఆ పద్ధతి అటకెక్కింది. పక్క వంశం తమ బిరుదును ఆరుగురికి పంచిందని తెలియగానే ఈ వంశం ఎనిమిది మందికి పంచింది. గోడల్లేని సభా ఇంట్లో పెద్దలు తలా ఒక స్తంభానికి ఆనుకుని కూర్చోవడం మర్యాద. ఉన్నవేమో పది స్తంభాలు. ఆలస్యంగా బిరుదు దొరికినవాళ్ళు నడిమధ్య చాప మీద కూలబడి, నడుము పట్టేస్తుంటే స్తంభం దొరికినవాళ్ళ వంక గుర్రుగా చూసేవారు. వాళ్ళకు ఊరు పెట్టిన పేరు ఓటు పెద్దలు. మొహం మీద మాత్రం ఎవరూ అనరు.

ఆ ఓటు పెద్దల్లో నలుగురి బిరుదు పండగకు పెట్టిన మేలి చాపలు లోసివాలె చేతులతో నేసినవి. మొగలి ఆకు చీరి, సముద్రపు నీళ్ళలో నానబెట్టి, గీకి, ఎండబెట్టి, దారమంత సన్నగా తీసి అల్లితే ఒక్క చాపకు మూడేళ్ళు పడుతుంది. చాప పెట్టందే బిరుదు లేదు, బిరుదు లేందే ఓటు లేదు. అలా నాలుగు ఓట్లు నేసిన మనిషికి సొంతానికి ఒక్కటీ లేదు. ఆమెకు అరవై రెండేళ్ళు. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసింది. వంశానికి అసలు పెద్ద ఆమె తమ్ముడే. లేఫావె అన్నది అతని బిరుదు. అమ్మ పెట్టిన పేరు అక్కకు తప్ప ఇంకెవరికైనా గుర్తుందో లేదో.

పందొమ్మిది వందల తొంభైలో తుపాను వచ్చి ఇళ్ళ కప్పులు ఎత్తుకుపోయింది. అవి మళ్ళీ వేసుకునేలోగా ప్రభుత్వం ఇంకో దుమారం లేపింది. ఇరవయ్యొక్కేళ్ళు నిండిన అందరికీ ఓటు ఉండాలా వద్దా, అక్టోబరులో అందరూ వచ్చి చెప్పండంది. రేడియోలో ఆ ముక్క వినగానే లోసివాలె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"ఏమైంది పెద్దత్తా, వేలు తెగిందా?" అంది ఫిలోయి. లేఫావె పెద్దకోడలు ఆమె. నోరు కాస్త పెద్దది.

"లేదే. ఇదివరకొకసారి నన్నడిగారు."

"ఎవరు? పెళ్ళికా?"

"నీ మొహం! అరవై ఒకటిలో. న్యూజిలాండ్ వాళ్ళు వెళ్ళిపోయే ముందు. దేశం మీ చేతికిస్తే తీసుకుంటారా అని ఆడా మగా అందరినీ అడిగారు. అమ్మతో కలిసి నడిచి వెళ్ళి తీసుకుంటామని చెప్పొచ్చాను. వచ్చి సీమపనస కాయలు కాల్చుకు తిన్నాం. తీసుకోవడానికి మా మాట కావలసొచ్చింది. ఏలుకోవడానికి ఇరవై తొమ్మిదేళ్ళలో మళ్ళీ ఒక్కడూ అడగలేదు."

ఇంత మాట ఆమె నోట ఎవరూ విని ఉండరు. ఫిలోయి నవ్వబోయి ఊరుకుంది.

రెండు రోజులకు లేఫావె వచ్చాడు. అక్క కూర్చున్న చోటికి తమ్ముడు చొరవగా రాకూడదు, అందుకని అరుగు అంచునే కూర్చున్నాడు. పాపం, తుపాను తర్వాత అతనికి ఒక్కసారిగా వయసు మీద పడింది.

"అక్కా, మీ దగ్గర పూర్తయిన చాప ఒకటుందని విన్నాను. ఎనేలేకి బిరుదు కడదామని."

"ఎనేలే అంటే బస్సు నడిపేవాడా? ఆదివారం భోజనానికి తప్ప ఊళ్ళో కనిపించడే!"

"ఓటు రోజున కనిపిస్తాడులెండి."

లోసివాలె చేతిలో ఆకు పక్కన పెట్టింది. తమ్ముడు తప్ప ఆమెకు ఈ లోకంలో ఇంకెవరూ లేరు. వేటకు వెళ్ళి తెచ్చిన మొదటి చేప నేటికీ ఆమెకే పంపుతాడు. ఆ మనిషిని నొప్పించి ఆ ఇంట్లో ఎలా ఉండాలి? అయినా అనేసింది.

"ఆ బిరుదేదో నాకే కట్టు తమ్ముడూ."

లేఫావె ఇరుకున పడ్డాడు. అక్క అడిగితే కాదనడం వాళ్ళ ఆచారంలో లేదు. ఆమె ఇన్నేళ్ళలో ఏదీ అడగకపోవడం వల్ల ఆ ఆచారం అతనికి ఎన్నడూ అడ్డురాలేదు.

"బిరుదు మీకెందుకక్కా? మీరు బిరుదు కంటే పైన కదా. నేను పెద్దనే అయినా నాకు పెద్ద మీరు."

"పైన కూర్చోబెట్టారు, కాదనను. అంత ఎత్తు నుంచి నా మాట ఎవరికీ వినపడటం లేదు."

అతని మొహం వాడిపోయింది. తాను చేసిన గౌరవమంతా అక్కకు ఇలా అనిపించిందా అని నిజంగానే బాధపడ్డాడు. "సరే, ఆదివారం కుటుంబమంతా కూర్చున్నప్పుడు చెబుతాను" అని లేచి వెళ్ళాడు. ఆ రోజు వచ్చిన కూర లోసివాలెకు సహించలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చేరారు. లేఫావె గొంతు సవరించుకున్నాడు.

"కుటుంబానికి నోరొకటే ఉండాలి. అందరికీ ఓటిస్తే తండ్రికి ఎదురు కొడుకు, మొగుడికి ఎదురు పెళ్ళాం. ఇల్లు నాలుగు ముక్కలవుతుంది. అందుకని మనింట్లో అందరూ వద్దనే వేయాలి." ఒక్క క్షణం ఆగాడు. "మా అక్కకు మాత్రం నేను చెప్పేవాణ్ణి కాను. ఆవిడ బిరుదు అడిగారు. ఇస్తున్నాను. ఆవిడ ఇష్టం ఆవిడది."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. వెంటనే ఫిలోయి అందుకుంది. "అయితే మేమూ పెద్దత్త ఎలా వేస్తే అలాగే! ఏమర్రా?"

"అవునవును, పెద్దత్త మాటే మా మాట!" అని వెనకనున్న ఆడవాళ్ళు తొమ్మిది మందీ కోరస్ అందుకున్నారు.

లేఫావె తల వంచుకున్నాడు. లోసివాలెకు ఒక్క క్షణం మహా తీయగా ఉంది. ఎందుకుండదు? ఒక్క ఓటు అడిగితే పది వచ్చి ఒళ్ళో పడ్డాయి. ఆ తీపి గొంతు దిగకముందే తమ్ముడి వంగిన మెడ కనిపించింది. ఇన్నాళ్ళూ ఆ మెడ మోసింది ఇలాగే అందరి మాటల బరువునని ఆమెకు అర్థమైంది.

"నోర్మూసుకోండే!" అంది. "నా మాట మీకెందుకు? ఆయన నోరు వదిలేసి నా నోట్లో దూరతారా? ఇంకో ఓటు పెద్దనవుతానా నేను? తమ్ముడూ, నాకు బిరుదొద్దు. ఆ రోజు నేను వెళ్తాను, అందరికీ ఓటు కావాలనే వేస్తాను. నీతో అబద్ధమాడలేక ముందే చెబుతున్నాను. వీళ్ళు ఏం వేస్తారో నాకు తెలీదు, నీకూ తెలియకూడదు. దానివల్ల ఇల్లు ముక్కలయితే మళ్ళీ అల్లుకుందాం."

లేఫావె లేచి నెమ్మదిగా సముద్రం వైపు నడిచాడు. ఆ వారం ఆమెకు చేప రాలేదు. ఓటు రోజున వరుసలో ఆమె ముందు, అతను చాలా వెనక నిలబడ్డారు. ఆమె చెప్పినట్టే వేసింది. బయటికి వస్తుంటే అతను చూపు తిప్పుకున్నాడు. ఇంటికి వచ్చి ఎవరూ చూడకుండా ఏడ్చింది.

కావాలన్నవాళ్ళే కాస్త తేడాతో గెలిచారని రేడియో చెప్పింది. ఫిలోయి గంతులేసింది. లోసివాలె ఆకు చీరుకుంటూ కూర్చుంది. ఓటు వచ్చింది గానీ తమ్ముడు పోయాడనుకుంది.

మరుసటి ఏడు ఎన్నికల వారం ఒక ఉదయం అరుగు అంచున అలికిడి అయింది. లేఫావె. స్నానం చేసి, పండగ లుంగీ కట్టుకుని, పరాయి ఇంటికి వచ్చినవాడిలా ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"కూర్చో, తమ్ముడూ."

"కూర్చుంటాను. ముందొక మాట అడగాలి." అతని గొంతు తడబడింది. సభలో గంటలకొద్దీ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి! "మన వంశం తరపున నిలబడ్డాయన మంచివాడని నా నమ్మకం. ఆయనకు ఓటు వేస్తారా అని అడగడానికొచ్చాను. మిమ్మల్ని మొదట అడుగుతున్నాను. ఇంకా పద్నాలుగు ఇళ్ళు తిరగాలి. ఎలా అడగాలో కూడా నాకు తెలీటం లేదక్కా."

లోసివాలెకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అవునని వెంటనే అనేయాలని నోటిదాకా వచ్చింది. తమ్ముడు వచ్చాడు, అది చాలదా? ఆ మాటను బలవంతాన ఆపుకుంది.

"బాగానే అడిగావు" అంది. "ఆలోచించి చెబుతాను."

లేఫావె తలాడించి అరుగు అంచున కూర్చున్నాడు, ఆమె ఆలోచించేదాకా.