పొడుగు ముక్క, పొట్టి ముక్క

చెక్క నమూనా చేయమని కోడలు ఇచ్చిన కాగితంలో కొలతలు తప్పని వడ్రంగి మామగారికి చూడగానే తెలిసిపోయింది. డీఎన్‌ఏ అంటే నిచ్చెన లాంటిదట, ఒక్కో మెట్టూ రెండు ముక్కల అతుకట. అంతవరకూ బాగానే ఉంది. ఒక ముక్క పొడుగు, ఒకటి పొట్టి ఏమిటి? కొత్తగా బళ్లో టీచరుగా చేరిన పిల్ల, మొదటి పాఠంలోనే నవ్వులపాలు కావడమెందుకని గుట్టుచప్పుడు కాకుండా అన్నిటినీ సమానంగా కోసి, నున్నగా చిత్రిక పట్టి, నాలుగు రంగులు వేశాడు. కాగితంలో కొన్నిటికి రెండేసి చీలలు, కొన్నిటికి మూడేసి ఉంటే అదీ సరిదిద్ది, అన్నిటికీ ఒక్కో చీల, ఒక్కో రంధ్రం పెట్టాడు.

పొద్దున్నే కోడలు వచ్చి ముక్కల్ని మార్చి మార్చి కలిపి చూసింది. ఎలా మెచ్చుకోవాలో తెలియక తడబడుతోందనుకుని ఆయన మీసం దువ్వుకున్నాడు.

"మామయ్యా, ఇందులో ఏ ముక్కైనా దేనితోనైనా అతుకుతుంది," అంది చివరికి.

"పనితనమంటే అదే కదమ్మా."

అతకకూడదట. పక్క పట్టీలు చక్కెర, ఫాస్ఫేట్. మెట్లు నాలుగు రసాయనాలు. అడెనిన్, గ్వానిన్ పెద్దవి; థైమిన్, సైటోసిన్ చిన్నవి. రెండు పెద్దవి కలిస్తే పట్టీల మధ్య ఇమడవు, రెండు చిన్నవైతే అందవు. పైగా అడెనిన్‌కు థైమిన్‌తోనే రెండు బంధాలు, గ్వానిన్‌కు సైటోసిన్‌తోనే మూడు. పిల్లలు చేత్తో కలిపి చూసి తెలుసుకోవాలన్నదే ఆమె ఆశ. పాఠం పదింటికి.

"పోనీలెండి, నల్లబల్ల మీద గీసి చెప్తాను," అని ఆమె తేలిగ్గా అనేసరికి ఆయన ప్రాణం చివుక్కుమంది. తిట్టినా బాగుండేది. పరువు కాపాడబోయి నిండా ముంచాడు.

కాఫీ కూడా ముట్టకుండా రంపం పట్టుకున్నాడు. కొత్తగా పొడుగువి చేసే వ్యవధి లేదు. సగం ముక్కల్ని పొట్టివి చేసి, పట్టీల్నే దగ్గరికి జరిపాడు. పాత చీలలు పీకి, పొడుగువాటికి రెండేసి, మూడేసి కొత్తవి దిగ్గొట్టి, పొట్టివాటికి వాటి జతకు సరిపడా రంధ్రాలు తొలిచాడు. తొమ్మిదిన్నరకు కోడలి చేతిలో ఎర్ర అడెనిన్, పచ్చ సైటోసిన్ పెట్టి కలపమన్నాడు.

ఆమె నొక్కింది. మోకాలికి ఆనించి మరీ నొక్కింది. రెండు చీలలూ మూడు రంధ్రాలకు ఎదురే రాలేదు.

"ఎంత బాదినా పట్టదమ్మా," అన్నాడాయన. "నలభై ఏళ్లలో ఒక అతుకు కుదరనందుకు ఇంత సంతోషపడింది ఇవాళే."

కోడలు ముక్కలు తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. "ఈ మాట పిల్లలకు మీరే చెప్పండి మామయ్యా. నాకంటే మీరు చెప్తేనే నమ్ముతారు."

ఆయన చొక్కా మార్చుకోవడానికి పరుగెత్తాడు.