నిన్ననే చెప్పిన గదా

"నవ్వుకుంట మాట్లాడు. నవ్వు ఫోన్లకెల్లి గూడ ఇనవడ్తది" అన్నాడు మా ఆయన ఓంప్రకాశ్, నేను పప్పుకు తాలింపు పెడుతుంటే. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఆయన పెట్టిన కాగితం. కాగితం మీద ఐదు ప్రశ్నలు. మా వెబ్‌సైట్ సంగతి మీకు ఎట్లా తెలిసింది? బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా? సరుకు సమయానికి అందిందా? పదికి ఎన్ని మార్కులు ఇస్తారు? మేము ఏం మెరుగుపరచాలి?

మాది కరీంనగర్‌లో బట్టల దుకాణం. వెనకే ఇల్లు. దుప్పట్లు, టువ్వాలలు, లుంగీలు, లంగాలు అమ్ముతాం. నాలుగేళ్ల కింద వెబ్‌సైట్ పెట్టాం. మా ఆయనా, మా బావ అంబదాసూ కష్టపడి పెట్టారని ఆ సైట్ మీదే ఫొటోతో సహా రాసి ఉంటుంది. ఈ ఏడు చూసేవాళ్లు చూసి పోతున్నారు, కొనేవాళ్లు తగ్గారు. గిరాకీ ఏమంటున్నదో, అంటే కొనేవాళ్లు ఏమంటున్నారో అడగండని ఎవరో చెప్పారట. ఫారం పంపితే ఒక్కరూ నింపలేదు. సరే, ఫోన్ చెయ్యాలి. ఎవరు చెయ్యాలి? "ఆడగొంతయితే జల్ది పెట్టెయ్యరు" అన్నాడు బావ. అట్లా నూట ఇరవై నంబర్లు నా నెత్తిన పడ్డాయి. వంట, ప్యాకింగ్, అత్త మందులు, రెండు పూటల గిన్నెలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఇది వాటి పైన. పదహారేళ్ల కాపురంలో పదికి ఎన్ని మార్కులిస్తవని నన్ను ఎవడూ అడగలేదు. ఊరోళ్లందరినీ అడిగే పని మాత్రం నాదైంది.

మధ్యాహ్నం రెండింటికి దుకాణం ఫోన్ తీసుకుని కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం. వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు.

మొదటి నంబరు మందమర్రిది. అలేఖ్య అని, గని కార్మికుడి భార్య.

"నమస్తే అండీ, కరీంనగర్ దుకాణం నుంచి మాట్లాడుతున్నాం" అన్నాను, నవ్వుకుంటూ. "మీ అభిప్రాయం తెలుసుకుందామని..."

"నిన్ననే చెప్పిన గదా అక్కా" అంది.

"నిన్న నేను చెయ్యలేదమ్మా."

"చేసినవ్ అక్కా. గిదే గొంతు. గిట్లనే 'అండీ' అని సాగదీసినవ్. అర్ధగంట మాట్లాడినం." కిసుక్కున నవ్వింది. "మర్చినవా ఏంది? నాలుగింటికి లేసి షిఫ్టుకు సద్ది కట్టుకుంట ఒక్కదాన్నే ఏడుస్తనని చెప్పిన గదా. మా అవ్వకు గూడ చెప్పలే. నీకే చెప్పిన."

పదికి ఎనిమిది అని నేనే రాసుకుని పెట్టేశాను.

రెండో నంబరు ఆదిలాబాద్‌లో సుల్తాన్ బీ అని పెద్దామె. "అరే బేటీ, ఐసా కైసా భూల్ గయీ? గట్లెట్ల మర్చినవ్?" అని గదమాయించింది. "నా మోకాళ్లు ఎట్లున్నయని నిన్న నువ్వే అడిగితివి గదా. నా కొడుకు సుత అడగలే. నీలం దుప్పటి పదకొండుసార్లు సైట్ల బుట్టలేసి కొనకుండ ఎందుకు ఇడిసిపెట్టిన్రు అన్నవ్. చెప్పిన. గా ఓటీపీ నా కొడుకు ఫోన్‌కు పోతది. 'అమ్మీ, నీకిప్పుడు దుప్పటెందుకు' అంటడు. గందుకే చూస్త, బుట్టల ఏస్త, మూసేస్త. జరసేపు నాదైతది గదా."

అయిదు ఫోన్లు అయ్యాయి. ఆ అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు. ముగ్గురిదీ ఒకటే మాట: నిన్ననే చెప్పిన గదా, నీకే చెప్పిన గదా. ఇద్దరు మగవాళ్లకు మాత్రం నిన్న ఎవరూ ఫోన్ చెయ్యలేదు. అందులో ఒకాయన పదికి ఏడిచ్చి, నీ పేరేంది, పెండ్లయిందా అని అడిగాడు.

దుకాణం ఫోన్‌లో నిన్నటి కాల్స్ చూశాను. ఒక్కటీ లేదు. నిన్న ఈ వేళకు వెనక గదిలో ప్యాకింగ్ టేపు పళ్లతో కొరుకుతున్నాను, నాకు బాగా గుర్తు. గుర్తేనా? నేనే చేసి మర్చిపోతున్నానా? ఈ ఇంట్లో ఇట్లా అనుకోవడం చిన్న సంగతి కాదు. మా ఇంట్లో ఇద్దరు కోడళ్లు. పెద్దామెకు మతి తప్పిందని బజారంతా చెప్పారు. రెండోదాన్ని నేను.

జవాబులు ఎక్కించాలి కదా అని నా ఫోన్‌లో షీటు తెరిచాను. గిరాకీల పేర్లు, ఊళ్లు, నంబర్లు ఉన్న పట్టిక అది, మొన్ననే మా ఆయన తన ఐదు ప్రశ్నలూ అందులో ఎక్కించాడు. కొత్తవాళ్లు పైన, పాతవాళ్లు కింద. నేను ఏ గడి మీద వేలు పెడితే ఆ గడి చుట్టూ నీలం గీత వస్తుంది. ఆ పూట ఇంకో గీత కూడా ఉంది. ఆకుపచ్చది. నా కంటే ఒక వరుస ముందు. ఇంకెవరో ఇదే షీటు తెరిచి చూస్తున్నారన్నమాట. మా ఆయన బండి మీద బయటికి పోయాడు. బావ దుకాణంలో నా కళ్ల ముందే ఉన్నాడు, చెవిలో పుల్ల తిప్పుకుంటూ. అత్త మంచం మీద కునుకుతోంది. నేను ఒక వరుస దిగితే ఆకుపచ్చ గీత ఒక వరుస దిగింది. ఆగితే ఆగింది. మగ పేరు వస్తే దాన్ని దాటేసి కిందున్న ఆడపేరు మీద నిలబడింది.

ఖాళీ గడిలో "ఎవరు?" అని కొట్టాను.

ఆకుపచ్చ గీత నెమ్మదిగా వచ్చి ఆ గడి చుట్టూ నిలబడింది. నా మాట మాయమైంది. దాని జాగాలో ఇంకో మాట వచ్చింది.

"తిన్నవా?"

రెండున్నర దాటింది. నేను తినలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే తెలియదు.

ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఒక్కతే. మా తోటికోడలు మమతారాణి అక్క. నస్పూర్ పిల్ల, వాళ్ల బాపు గనిలో చేశాడు. ఈ సైట్ మొదలుపెట్టింది ఆమె. సరుకు పరిచి ఫొటోలు తీసింది, ధరలెక్కించింది, ఈ షీటు చేసింది, వచ్చిన ప్రతి ఫోన్ ఎత్తింది. ఇప్పటికీ మా సైట్‌లో దుప్పటి మడత పట్టుకుని కనిపించే చేతులు ఆమెవే, చూపుడువేలి మీద పెనం తగిలి కాలిన మచ్చతో సహా. 'మా గురించి' అనే పేజీలో "ఈ దుకాణం మమతారాణి, బాలలక్ష్మి నడిపిస్తారు" అని రాసింది. బాలలక్ష్మి అంటే నేను. ఎవరో దోస్తు చూసి ఎగతాళి చేశాడని బావ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "ఆడోళ్ల పేర్లు బజార్ల పెడ్తరానే? మేం సచ్చినమా?" తెల్లారేసరికి పేజీ మీద అన్నదమ్ములిద్దరి ఫొటో వచ్చింది.

అక్క కొట్లాడలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో నోరు తెరవలేదు. ఒక్క మాట లేదు, నాలుగు నెలలు. కానీ ఫోన్ మోగితే చాలు, ఎత్తి, "నమస్తే అండీ" అని తేనె పోసినట్టు మాట్లాడేది. పెట్టెయ్యగానే గొంతు ఆగిపోయేది, మగ్గానికి కరెంటు పోయినట్టు. అత్త హడలిపోయింది. "గాలి సోకింది బిడ్డా. లోపల వేరేటిది కూసున్నది. గది ఫోన్లనే మాట్లాడ్తది" అని నిమ్మకాయలు కోయించింది, పొగ పెట్టించింది. అక్క దగ్గింది, మాట్లాడలేదు. ఒక పొద్దున షీటును నా పేరు మీదికి మార్చి, నా తల మీద చెయ్యి పెట్టి, నస్పూర్ బస్సెక్కి పోయింది. రెండేళ్లయింది.

నేనేం చేశాను? చెబుతాను, దాచను. ఆ సాయంత్రమే దుకాణం ఫోన్ నా చేతిలో పెట్టారు, పట్టుకున్నాను. "మమత ఎట్ల మాట్లాడేదో గట్లనే మాట్లాడు. గిరాకీకి ఫరక్ తెల్వద్దు" అన్నాడు బావ. దుకాణం ఫోన్‌లో అన్ని కాల్స్ రికార్డవుతాయి. మూడు రోజులు వంట చేసుకుంటూ ఆమె గొంతు విన్నాను. ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ నవ్వుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అన్నీ పట్టాను. నేను సిరిసిల్లలో మగ్గాల మధ్య, అవ్వతో కండెలు చుట్టుకుంటూ పెరిగినదాన్ని. ఆ చప్పుడులో పక్క మనిషికి వినబడాలంటే అరవాలి. పెళ్లయిన వారానికే "మైకు మింగినవానే?" అని మా ఆయన ఎకసెక్కమాడితే గొంతు తగ్గించాను. తర్వాత మొత్తానికి మార్చేశాను. "పిచ్చిదానితోని మాటలేంది" అని ఇంట్లో అంటే సరేనని, అక్కకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

గడప దగ్గర నిలబడి ఆ ఆకుపచ్చ గీతను చూస్తుంటే అప్పుడు వెలిగింది. నిన్న ఎవరో నా గొంతుతో మాట్లాడారని దడుచుకుంటున్నాను. నా గొంతు ఎక్కడిది? రెండేళ్లుగా నేనే ఆమె గొంతుతో మాట్లాడుతున్నాను.

మూడింటికి మా ఆయన వచ్చి, ఎంతవరకు వచ్చిందని ఫోన్ లాక్కుని చూశాడు. షీటు చివర కొత్త నిలువు వరస ఒకటి పుట్టి ఉంది. నేను పెట్టింది కాదు. పైన "కొనకుండ ఎందుకు ఆగిండ్రు?" అని ఉంది. కింద జవాబులు. ఆయన పైకే చదివాడు, ముఖం ముడుచుకుంటూ.

"ఓటీపీ ఆయన ఫోన్‌కే పోతది. అమ్మగారింటికి పంపుదామంటే రెండో అడ్రసుకు జాగ లేదు. డబ్బా వస్తే ముందు మా అత్త ఇప్పుతది, దాని మీద లోపలేమున్నదో రాయకున్రి. మీ దగ్గర ఫోన్ ఎత్తే ఆమె నవ్వుతది గని ఏడ్సినట్టే ఉంటది, ఆమె మంచిగున్నదా?" ఆగాడు. "ఏందే ఇది? నేను మార్కులు అడగమన్న. నువ్వు పంచాయితీలు ఎత్తుకొచ్చినవ్."

"నేను కాదు" అన్నాను.

బావ దుకాణంలోంచి వచ్చి తొంగి చూశాడు. ఆకుపచ్చ గీతను చూసి చెవిలోని పుల్ల బయటికి తీశాడు. "గిది మమత చేసిన షీటు. దాని ఫోన్ల ఇంకా ఉన్నట్టుంది. పేరు తీసేసినం గని, గిది యాదికే లేదు" అన్నాడు, తనలో తనే అనుకుంటున్నట్టు.

ఆడదాని పేరు గోడ మీద నుంచి తుడిచేశారు. తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయిందని రెండేళ్లు తెలుసుకోలేదు. మా ఇంటి మగవాళ్లు చేసే తప్పు ఇదే. పని ఎవరిదో చూడరు కాబట్టి, తలుపు ఎవరు తెరుస్తున్నారో కూడా వాళ్లకు తెలియదు.

"షీటు నీ పేరు మీదున్నది. మమత పేరు తీసెయ్. ఒక్క నొక్కుడే" అన్నాడు మా ఆయన. "గా వరస గూడ తీసెయ్. మల్ల రావద్దు."

ఫోన్ నా చేతికిచ్చి ఇద్దరూ ముందు దుకాణంలోకి పోయారు. మంచం మీద అత్త కళ్లు తెరవకుండానే అంది: "తీసెయ్ బిడ్డా. గాలి తొవ్వ ఎరుకైన ఇంటికే మర్రొస్తది."

అక్క పేరు మీద వేలు పెట్టాను. "తొలగించాలా?" అని అడిగింది ఫోన్. కింద రెండు గడులు, అవును, వద్దు. నొక్కితే అయిపోతుంది. గిరాకీలు 'నిన్ననే చెప్పిన గదా' అనరు. ఈ ఇంట్లో నా మతి మీద అనుమానం రాదు. అలేఖ్య నాలుగింటికి సద్ది కట్టుకుంటూ ఏడుస్తుందని ఎవరూ రాసుకోరు. నేను పదికి ఎనిమిది, పదికి ఏడు అని నింపుకుంటూ, ఆమె గొంతుతోనే, ఆమె నవ్వుతోనే, చచ్చేదాకా.

ఆకుపచ్చ గీత కదిలింది. ఒక్కొక్క వరుసే కాదు, జారినట్టు, గబగబా కిందికి పోయింది. అట్టడుగు వరుస మీద ఆగింది. నూట ఇరవయ్యోది. అందరికంటే పాత గిరాకి.

బాలలక్ష్మి, కరీంనగర్. ఒక తెల్ల టువ్వాల.

సైట్ తెరిచిన రోజు నడుస్తుందో లేదో చూద్దామని అక్క నాతో కొనిపించింది. "మా మొదటి గిరాకివి నువ్వే, చెల్లె" అని నవ్వింది. ఆ నవ్వు నేను రికార్డులో నేర్చుకున్నది కాదు. అది వేరు.

చేతిలో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తాను.

"నమస్తే అండీ" అంది నా గొంతు, చెవిలో. "మీ అభిప్రాయం తెలుసుకుందామని..."

ఆగింది. వెనకాల దూరంగా గని షిఫ్టు సైరన్ మోగుతోంది. తర్వాత ఆ సాగదీత లేని, నవ్వు లేని, కొంచెం గరుకైన గొంతు వచ్చింది. పోయేముందు నాలుగు నెలలు ఈ ఇల్లు వినని గొంతు.

"తిన్నవా చెల్లె?"

ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, "తొలగించాలా?" అని ఇంకా అడుగుతున్న దాని మీద "వద్దు" నొక్కాను. గడప మీద కూర్చున్నాను. కాళ్లు చాపుకున్నాను. అత్త పిలిచింది, పలకలేదు. నోరు తెరిచాను. నా గొంతు లావుగా, బండగా, ఇరవై మగ్గాల మీది నుంచి పిలిచినట్టు వచ్చింది.

"తినలే అక్కా. పదికి సున్న. రాస్కో, ఒక్కొక్కటి చెప్త."

దుకాణంలో బావ ఉలిక్కిపడ్డాడు. ఆ గొంతు ఈ ఇంట్లో వినబడి పదహారేళ్లయింది. ఎవరో కొత్త మనిషి లోపలికి వచ్చిందనుకుని, "ఎవరు? ఎవరొచ్చిన్రు?" అంటూ లేచి నిలబడ్డాడు.