బావమరిది కాశీయాత్ర

గొడుగు వేసుకుని ముందు నడుస్తున్నది ఫణి, బెల్లం ముక్క పట్టుకుని వెనక పరిగెడుతున్నది జోగారావు, అంతా తలకిందులైందని జోగారావుకు తెలుస్తూనే ఉంది, ఎందుకంటే ఇరవై రెండేళ్ళ కిందట తన పెళ్ళిలో కాశీకి పోతానని గొడుగేసుకుని బయలుదేరిన పెళ్ళికొడుకు తను, గడ్డం కింద బెల్లం పెట్టి "వద్దు బావా, మా అక్కని చేసుకో బావా" అని బతిమాలి వెనక్కి తెచ్చిన బుడతడు ఫణి. ఇప్పుడా బుడతడు వాయుసేన పైలట్ దుస్తుల్లో ఉన్నాడు. కాళ్ళ కింద కల్యాణమండపం తివాచీ కాస్త దూరం పోయాక ఇసుకవుతోంది, ఇసుక రన్‌వే అవుతోంది, సన్నాయి మాత్రం ఎక్కడా ఆగడం లేదు.

"ఆగరా! నువ్వు కనబడటమే గగనమైపోయింది!"

"గగనమేగా బావా నా ఉద్యోగం."

"ఒరేయ్, ఆ మాట నేననాలి. మాటలు విరిచే హక్కు ఈ ఇంటి అల్లుడిది!"

"రెక్కల కష్టం మీద బతికినవాణ్ణి, ఒక్క మాట విరిస్తే ఏం పోయింది?"

ఇద్దరూ పగలబడి నవ్వుతారు, నవ్వు మధ్యలో జోగారావుకు గుర్తొస్తుంది, వీడు లేడు. ఎడారి దేశంలో శాంతిసేనకు మందులు మోసుకెళ్తుంటే వీడి హెలికాప్టర్‌ని తీవ్రవాదులు కూల్చారు, వీడిని పట్టుకున్నారు, చంపారు, చంపుతూ వీడియో తీసి లోకం మీదికి వదిలారు. ఎవరో పుణ్యాత్ముడి చలవతో అది జోగారావు ఫోన్లోకీ వచ్చింది. పొద్దున భార్య కనకం, "నేను చూడలేనండీ. మీరు చూసి చెప్పండి, ఆఖర్న మా తమ్ముడు భయపడ్డాడో లేదో" అంది. మైకు లేకుండా ఊరంతా వినిపించే జోగారావుకు దాన్ని నొక్కడానికి వేలు ఆడలేదు.

"అది అడగడానికేగా నా వెంటబడ్డావు," అంటాడు ఫణి గొడుగు తిప్పుతూ, తిప్పేకొద్దీ గొడుగు గిర్రున తిరిగి ఇద్దరినీ నేల మీంచి కాస్త లేపుతోంది.

"భయపడ్డావురా?"

"ఆకాశంలోంచి పడ్డవాణ్ణి, భయం మాత్రం పడకుండా ఎలా ఉంటాను?"

"మరి మీ అక్కకి ఏం చెప్పమంటావు?"

"నీకు తెలిసిందే చెప్పు. ఆ సినిమా వాళ్ళది బావా. కెమెరా వాళ్ళది, కథ వాళ్ళది, నాకేసిన వేషం వాళ్ళది. అక్క కూర్చుని చూడాలనే తీశారు. నన్ను లాగుల నాటి నుంచి చూసినవాడివి, అందులో కొత్తగా ఏం వెతుకుతావు?"

"అదంతా తర్వాత. ముందు వెనక్కి రా!" జోగారావు బెల్లం ముక్క ఫణి గడ్డానికి ఆనిస్తాడు. "పిల్లనిస్తానని ఆశపెడదామంటే నాకు చెల్లెలు కూడా లేదురా, ఊరికే రా!"

ఫణి ఆ బెల్లాన్ని కొరికి, మిగిలిన సగం జోగారావు గడ్డం కింద పెడతాడు. వేళ్ళు పదేళ్ళ పిల్లాడివి, జిగటగా ఉన్నాయి.

"అప్పుడూ నిన్ను తిప్పింది నేనే, ఇప్పుడూ నేనే. పద బావా. అక్క ఒక్కతే కూర్చుంది."

గడ్డం పట్టుకుని మొహం ఇటు తిప్పుతున్న వేళ్ళు అలాగే ఉన్నాయి, జోగారావు కళ్ళు తెరిస్తే అవి కనకానివి. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది.

"చూశారా?"

"లేదు. చూడను." జోగారావు ఫోన్ తీసి ఆమె కళ్ళెదుటే ఆ వీడియోని చెరిపేస్తాడు. "భయపడే ఉంటాడు కనకం. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి దిగగానే నాకు ఫోన్ చేశాడు. 'లాగు తడిసిపోయింది బావా, రేపు మళ్ళీ ఎక్కుతున్నా' అన్నాడు. నీకు చెప్పనని ఒట్టేయించుకున్నాడు."

కనకం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఏడుస్తోందనుకుంటాడు. కాదు, భుజాలు కదులుతున్నది నవ్వుకి.

"వెధవ," అంటుంది, కాళ్ళు పైకి ముడుచుకుని మంచం మీద సర్దుకుని కూర్చుంటూ. "ఇంకా నాకు చెప్పొద్దని ఏమేం చెప్పాడు?"