తేట నీళ్ళు

"నీళ్ళు తేటగానే వస్తున్నాయి కదా, ఇంకా ఏం తోముతున్నావు?" అన్నారు మా ఆయన, నేను ఖాళీ చేసిన మూడో ట్యాంకులో మోకాళ్ళ మీద కూర్చుని గోడల పాచి గీకుతుంటే. బ్లీచింగుకి వేళ్ళ చివర్లు పగిలి మండుతున్నాయి. మా చేపపిల్లల హేచరీలో మావయ్యగారికో కుర్చీ, మా ఆయనకో కుర్చీ ఉన్నాయి. నాకు బ్రష్షు ఉంది. సూక్ష్మజీవుల గురించి నేను కాలేజీలో చదివిన సంగతి, ఎవరైనా చుట్టాలొస్తే గొప్ప చెప్పుకోడానికే మావాళ్ళకి గుర్తొస్తుంది.

ఆ రోజే నీళ్ళొచ్చే పైపులో వేలు పెట్టి చూశాను. చీమిడిలా జారే జిగురు. కొంచెం తీసి నా పాత మైక్రోస్కోపు కింద పెడితే సన్నటి పుల్లల్లాంటివి, కిటకిటలాడుతున్నాయి. భోజనాల దగ్గర చెప్పాను.

"పైపులన్నీ విప్పి కడిగి ఎండబెట్టాలండీ. లేకపోతే పిల్లలు జబ్బు పడతాయి."

"శుక్రవారం కొనేవాళ్ళొస్తున్నారు. నీళ్ళలో మందు పోస్తే సరి," అన్నారాయన పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"మందు ఆ జిగురు లోపలికి దిగదు. తట్టుకున్న క్రిములు ఇంకా మొండికేస్తాయి."

"దీనికి శుభ్రం పిచ్చి," అని నవ్వారు అత్తయ్యగారు. "అవన్నీ మగవాళ్ళు చూసుకుంటారులే, నువ్వు వడ్డించు."

వడ్డించాను. గట్టిగా వాదించాల్సింది. కానీ ఈ పదేళ్ళలో ఎప్పుడు వాదించినా "గొంతు తగ్గించు" అన్నారు. తగ్గించీ తగ్గించీ, అది నాకే వినపడకుండా పోయింది.

శుక్రవారం పొద్దున, మూడో ట్యాంకులో మళ్ళీ వదిలిన పిల్లలు వెల్లకిలా తేలాయి. రెక్కల మొదట్లో ఎర్రటి పుండ్లు. దోసిళ్ళతో ఎత్తిపోస్తుంటే కొనే పెద్దమనిషి వచ్చాడు. మా ఆయన నా వైపు చూడకుండానే, "మా ఆవిడ ట్యాంకు సరిగా కడగలేదండీ. నాలుగోది చూడండి, ఎంత హుషారుగా ఉన్నాయో," అన్నారు.

"ఇంటిపని ధ్యాసలో ఉంటారు పాపం," అన్నాడు పెద్దమనిషి.

ఒళ్ళు మండిపోయింది. పనివాళ్ళు పిల్లల్ని తీసుకెళ్ళే సంచుల్లో నీళ్ళు నింపడం మొదలుపెట్టారు. నాలుగో ట్యాంకుకీ అదే పైపు. ఈ పిల్లలు వెళ్ళి పడే చెరువులో ఇంకెన్ని చేపలున్నాయో!

మోటారు ఆపి, రంపం తీసుకుని పైపు కోసేశాను. ఆ ముక్క తెచ్చి పెద్దమనిషి చేతిలో పెట్టాను.

"లోపల వేలు పెట్టి చూడండి. జబ్బు ఇందులో ఉంది. వీటిని తీసుకెళ్ళకండి."

అతను వేలు పెట్టి, చటుక్కున తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. సంచులు ఖాళీ చేయమని పనివాళ్ళకి చెప్పాడు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఇంట్లోకి పద. అక్కడ మాట్లాడదాం."

ఇంట్లో మాట్లాడుకోవడమంటే నాకు తెలుసు. ఆయన అంటారు, నేను పడతాను. చెయ్యి విడిపించుకున్నాను. పనివాళ్ళు, పెద్దమనిషి, మెట్ల మీద మావయ్యగారు, అందరూ చూస్తున్నారు.

"ఇక్కడే మాట్లాడదాం," అన్నాను. "ముందు నేను."