రికార్డులో లేని విరుపు

హాలు తలుపు మీద పోస్టరు అతికించారు. శుక్రవారం రెగే, శనివారం హిప్‌హాప్, ఆదివారం ఆఫ్రికన్ డ్రమ్ములు, డాన్సు. మూడూ లైవ్. పోస్టరు వేయించింది బావ. హాలులో కచేరీలు ఏర్పాటు చేయడం అతని ఉద్యోగం. ఆదివారం వాయించే ఐదుగురి జట్టును నడిపేది అతని మరదలు. ఇంట్లో ఆమెను పిడుగు అంటారు.

గురువారం మధ్యాహ్నం ఆమె డ్రమ్ము భుజాన వేసుకుని వచ్చేసరికి హాలులో ఆమె దరువే మోగుతోంది. వేదిక మీద అక్క, ఇంకో ముగ్గురు ఆడుతున్నారు. వాయించేవాళ్లు లేరు. దరువు స్పీకర్లలోంచి వస్తోంది.

"ఏంటిది బావా?"

"మీదే. పోయిన వారం రిహార్సల్లో తీసింది. బాగా వచ్చింది కదూ?"

"సౌండు సరిచూడ్డానికి అన్నావు."

"చూశాను. సరిగ్గా ఉంది. అందుకే ఆదివారం ఇదే వాడుతున్నా." బావ నవ్వాడు. "రెగే వాళ్లు వేదిక మీద సర్దిన సామాను కదల్చక్కర్లేదు. ఐదుగురికి మైకులు పెట్టే పనీ లేదు. నువ్వొక్కదానివి వస్తే చాలు."

"నేనైనా ఎందుకు?"

వేదిక మీంచి అక్క రొప్పుతూ అంది: "ఎందుకంటే ఇది ఆగి చావట్లేదే! అడుగెక్కడ మార్చాలో తెలియట్లేదు."

ఈ ఆటలో అడుగు మార్చమని చెప్పేది పిడుగు డ్రమ్ము. ఆడేవాళ్ల కాళ్లు చూసి ఆమె ఒక విరుపు వాయిస్తుంది. అది విన్నాకే అడుగు మారుతుంది. పోయిన వారం ఆడేవాళ్లు రాలేదు. ఎదురుగా కాళ్లు లేకుండా ఆమె విరుపు వాయించదు. కాబట్టి రికార్డులో అది లేదు.

"ఆ విరుపేదో నువ్వు వాయించి పో. మిగతాది మిషను చూసుకుంటుంది," అన్నాడు బావ.

"మిగతా నలుగురు?"

"అందులోనే ఉన్నారుగా." స్పీకరు వైపు చూపించాడు.

"వాళ్లు మెట్ల మీద ఉన్నారు. సామాను మోసుకుని పైకొస్తున్నారు. నాకు చెప్పినంత హాయిగా వాళ్లకీ చెప్పండి."

"చెప్పండేంటే, కొత్తగా ఈ మర్యాద?"

"బావని నువ్వంటాను. ఇప్పుడు మాట్లాడేది హాలు మేనేజరుతో."

బావ భార్య వైపు తిరిగాడు. "నీ చెల్లెలికి నువ్వైనా చెప్పు."

అక్క వేదిక అంచున కూర్చుని చీలమండలు నొక్కుకుంటోంది. "చెప్పేదేముంది? నా కాళ్లు చూడనిదాని ముందు నేను ఆడను."

"పోస్టరు వేసేశానే!"

"అయితే పోస్టరునే ఎగరమనండి," అంది పిడుగు.

తలుపు తెరుచుకుంది. నలుగురూ లోపలికొచ్చారు. జట్టులో అందరికంటే పెద్దాయన వేదిక వైపు చూసి, "మైకులేవీ?" అన్నాడు.

బావ రికార్డు కట్టేశాడు. "పెడతాను. పిడుగూ, సరే, వదిలెయ్. ఈ సామాను జరపాలి, ఒక చెయ్యి వెయ్యి."

"వెయ్యను. ఏం చేయబోయారో ముందు వాళ్లకి చెప్పండి."

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి."

బావ నేల చూస్తూ చెప్పాడు. ముగ్గురు పిడుగు వైపు చూశారు. పెద్దాయన దింపిన డ్రమ్ము మళ్లీ భుజానికెత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

బావ పెట్టె తెరిచి నాలుగు మైకులు బయటికి తీశాడు.

"ఐదు," అంది పిడుగు. పెద్దాయన కోసం మెట్లు దిగింది.