ఫైరింజను డ్రైవరు చేతి పొక్కు

ఫైరింజను నడిపే ఆయనకు ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒంటిమీద చిన్న మచ్చ కూడా పడలేదు. గోదాములు తగలబడ్డాయి, ట్యాంకర్లు పేలాయి, ఆయన మాత్రం మసి కడుక్కుని ఇంటికొచ్చి హాయిగా భోంచేసేవాడు. అలాంటి మనిషి ఓ ఆదివారం పొద్దున, భార్య స్నానానికి వెళ్లడం చూసి ఆమ్లెట్ తనే వేసుకుందామని స్టవ్ దగ్గరికెళ్లాడు. వేసి, తిరగేద్దామని కాలుతున్న ఇనప పెనం కాడను ఉత్తచేత్తో పట్టుకున్నాడు.

పెనం ఎగిరి పడింది. ఆమ్లెట్ గోడకు అతుక్కుంది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని వంటిల్లంతా గిరగిరా తిరిగాడు.

హాల్లో పేపరు చదువుకుంటున్న అత్తగారు ఆ చప్పుడుకి వచ్చి, "అయ్యో బాబూ, ఉండండి" అంటూ టూత్‌పేస్టు తెచ్చి సగం ట్యూబు అరచేతిలో పిండేసింది. చల్లగా ఉందో లేదో ఆయనకు తెలిసేలోపే బాత్రూం తలుపు తెరుచుకుంది.

"ఏమైందండీ చేతికి?" అంది భార్య, తలకు తువ్వాలు చుట్టుకుంటూ.

"కాలింది. అత్తయ్యగారు పేస్టు..."

"బళ్లో పిల్లలకు చెప్పాలని ఆ ఉపన్యాసం నా ముందు ఎన్నిసార్లు వల్లించారు? చెయ్యి కాలితే ఏం చెయ్యాలి?"

ఆయన నసిగాడు. "కుళాయి నీళ్ల కింద పెట్టాలి. ఇరవై నిమిషాలు."

"ఐసు?"

"పెట్టకూడదు."

"పేస్టు?"

ఆయన అత్తగారి వంక ఓసారి చూసి తల దించుకున్నాడు.

భార్య పేస్టు కడిగేసింది. వేలు వాచకముందే ఉంగరం లాగేసి, ఆయన్ని కుళాయి దగ్గర నిలబెట్టింది. అత్తగారు మూతి ముడుచుకుని, "మాకు ఇవేమీ లేకుండానే తగ్గేవమ్మా" అంటూ హాల్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రానికి బొటనవేలి కింద బఠానీగింజంత పొక్కు లేచింది. దాన్ని చూస్తుంటే ఆయనకు చేతులు ఊరుకోలేదు. సూది కోసం వెతకడం గమనించి భార్య కుట్టు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"చిదిమితే చీము పడుతుంది. దాని మానాన దాన్ని వదిలేయండి. చుట్టూ ఎర్రబడి పాకితే మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం" అని, పుండుకి అతుక్కోని గాజుగుడ్డ వదులుగా చుట్టింది.

మర్నాడు స్టేషన్లో కట్టు చూసి అందరూ చుట్టూ మూగారు. ఆమ్లెట్ మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

"మా ఇంటి దగ్గర ఓ వంటింట్లో మంటలు లేచాయి. లోపల పెద్దావిడ ఇరుక్కుపోయింది. ఏదో, బయటికి తీసుకొచ్చాను" అన్నాడు. ఆఫీసరు భుజం తట్టి టీ తెప్పించాడు.

టీ సగం తాగారో లేదో, అల్లుడు మరిచిపోయిన క్యారియర్ పట్టుకుని అత్తగారు లోపలికి వచ్చింది. చేతికి కట్టున్న చోటే కళ్లు పెట్టి, "నొప్పి తగ్గిందా బాబూ?" అని అడిగింది.

పైపులు చుడుతున్న కుర్రడ్రైవరు ముఖం వెలిగిపోయింది. "అన్నా, నువ్వు మంటల్లోంచి కాపాడింది ఈ అమ్మనేనా?"

"నన్నెవరు కాపాడారు నాయనా? గోడమీది ఆమ్లెట్ గీకలేక నేను చచ్చాను" అంది ఆవిడ.

ఆఫీసరుకు టీ పొలమారింది. ఎవరో కుర్చీ వేశారు. అత్తగారు తీరిగ్గా కూర్చుని, అల్లుడు వంటింట్లో ఎలా తిరిగాడో చేతులు తిప్పి మరీ చూపించింది. కాసేపు బిగుసుకు కూర్చున్న ఆయనకు కూడా చివరికి నవ్వు ఆగలేదు.

వారం తిరిగేసరికి పొక్కు దానంతటదే అణిగి, పై తోలు ఎండి రాలిపోయింది. స్టేషన్ వాళ్లు మాత్రం ఇప్పటికీ పెద్దావిడ మళ్లీ ఎప్పుడొస్తుందని ఆయన్ని అడుగుతూనే ఉన్నారు.