లేని ఈగ

పెళ్లిచూపులకు చెల్లెల్ని తోడు తీసుకెళ్లమని నాన్న చెప్పాడు. అందుకే రవళి మైత్రీవనంలో కోచింగ్ క్లాసు మానుకొని, అక్క మంజూష వెంట పంజాగుట్టకు వచ్చింది. సాయంత్రానికల్లా అక్క అవునో కాదో చెప్పాలి. సంబంధాలు చూసి చూసి విసిగిపోయిన అక్క ఈసారి అవుననేసేలా ఉంది. రవళి భయం అదే.

పెళ్లికొడుకు వివేక్ రమ్మన్న చోటు నాలుగో అంతస్తులో, బీరు అక్కడే తయారుచేసి అమ్మే రెస్టారెంటు. అద్దం వెనక రాగి పీపాలు మెరుస్తున్నాయి. వాటిని తానే తోమినట్టు వివేక్ చెయ్యి చాచి చూపించాడు.

రుచి చూడ్డానికి చెక్క పలక మీద చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. అతను ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకొని కళ్లు మూసుకున్నాడు. జలుబు చేసినవాడు ఆవిరి పట్టినట్టుంది అనుకుంది రవళి.

"దీంట్ల అరటిపండు వాసనుంటది. గిది లవంగం. అందరికి తెల్వదు," అన్నాడు. "మరదలు పిల్లా, నువ్వు నిమ్మసోడా తాగు. సిగ్గువడకు."

ఇంకా మరదల్ని కాలేదు అని రవళి మనసులోనే అనుకుంది.

"మీ నాన్న కల్లు తాగుతడట గద," అన్నాడు మంజూషతో. "లగ్గంల గది బంద్ వెట్టాలె. మా ఆఫీసోళ్లొస్తరు. ఈతచెట్టు కింద కూసొని తాగుడు... ఛీ! మా ఇంటా వంటా లేదు."

మంజూష ముఖం ఎర్రబడింది.

అంతలో పెద్ద గ్లాసు వచ్చింది. మాటల్లో ఉన్న వివేక్ దాన్ని అందుకొని, చూడకుండానే వేలు ముంచి, రెండు చుక్కలు నేలమీదికి చిలకరించి, అప్పుడు నోటికెత్తుకున్నాడు.

అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది శాక. కల్లు తాగేముందు, పోయిన పెద్దలకని నాన్న చిలకరించేది అలాగే. ఇంట్లో చూసి పెరగనివాడికి వేలు అలా దానంతటదే వెళ్లదు.

"మీ ఇంట్ల సుత శాక పోస్తరా?" మంజూష సంతోషంగా అడిగింది.

"ఏం శాక? ఈగ! ఈగ వడ్డది!" వివేక్ గట్టిగా అన్నాడు.

ఆ మాట విని వడ్డించే ఫర్దీన్ పరుగెత్తుకొచ్చాడు. వెనకే మేనేజరు వచ్చి అందరి ముందూ అతణ్ణి తిట్టాడు. లేని ఈగ కోసం ఫర్దీన్ బల్ల కింద వంగి వెతుకుతున్నాడు.

"గిట్లాంటోళ్లను తీసెయ్యాలె," అన్నాడు వివేక్, మీసాల మీది నురగ తుడుచుకుంటూ.

మంజూష లేచింది. "ఈగ లేదు సార్. గా అన్ననేమనకుండ్రి. ఈయన వాళ్ల తాతకు రెండు చుక్కలు వోసిండు. అది చెప్పుకోనీకి ఆయనకు సిగ్గయితుంది."

"కూసో మంజూషా. అందరు చూస్తున్నరు."

"చూడనీయుండ్రి. తాతనే ఈగను చేస్తిరి, రేపు నన్నేం చేస్తరో!"

మెట్లు దిగుతూనే ఆమె నాన్నకు ఫోను చేసి వద్దంది.

"ఎందుకు బిడ్డా, పిలగాడు మంచిగ లేడా?"

"గ్లాసు వట్టుకునుడు మంచిగొస్తది నాన్నా. ఇంకేం రాదు."